విద్యుత్ వికర్షణ నక్షత్రాన్ని కాపాడగలదా? చార్జీ పదార్థం పతనం వెనుక నూరేళ్ల కథ

ఒకే రకం విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ నెట్టుడు ఎంత బలమైనదో మాత్రం చాలామంది ఊహించరు. రెండు ప్రోటాన్లను పక్కపక్కన పెడితే వాటి మధ్య విద్యుత్ వికర్షణ, వాటి మధ్య గురుత్వాకర్షణ కంటే దాదాపు 1 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. అలాంటప్పుడు ఇంధనం అయిపోయి తన బరువుకు తానే కుంగిపోతున్న నక్షత్రంలో కాస్త చార్జి మిగిలి ఉంటే అది పతనాన్ని ఆపేయదా? సాంద్రతకు, స్థలకాలపు వంపుకు (వక్రతకు) హద్దు లేకుండా పోయే సింగ్యులారిటీ నుంచి ఆ పదార్థాన్ని తప్పించదా?

వినడానికి ఇది చిన్న ప్రశ్నే. ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో దీన్ని తేల్చే ప్రయత్నం మాత్రం నూరేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. కృష్ణబిలాల గురించి ఈమధ్య వచ్చే వార్తల్లో కనబడే ‘కాస్మిక్ సెన్సార్‌షిప్’, ‘ఎక్స్‌ట్రీమల్ కృష్ణబిలం’, ‘మూడో నియమం తప్పింది’ లాంటి మాటల వెనకున్న చర్చ ఇదే.

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాలి. నిజమైన నక్షత్రాల్లో నికర చార్జి లేదన్నా తప్పు లేదు. సూర్యుడంతటి నక్షత్రం మీద ఉండగలిగేది వంద కూలూంబ్‌ల స్థాయి చార్జి మాత్రమే. అంతకు బాగా మించితే ఉపరితలం దగ్గరున్న ప్రోటాన్‌ను గురుత్వం పట్టి ఉంచలేదు, వికర్షణ దాన్ని బయటికి తోసేస్తుంది. అదే సూర్యుడి మొత్తం గురుత్వానికి సరితూగే వికర్షణ కావాలంటే సుమారు 17 లక్షల కోట్ల కోట్ల కూలూంబ్‌లు ఉండాలి. ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే, పది వేల కోట్ల కోట్ల ప్రోటాన్లకు సుమారు ఒక్క ఎలక్ట్రాన్ తక్కువైతే చాలు. అంత సూక్ష్మమైన తేడా కూడా ప్రకృతిలో నిలవదు. చుట్టుపక్కల ప్లాస్మా నుంచి వ్యతిరేక చార్జి వచ్చి పడి దాన్ని సరిచేసేస్తుంది. ఒకవేళ చార్జి ఉన్న కృష్ణబిలం ఎలాగో ఏర్పడినా, దాని బలమైన విద్యుత్ క్షేత్రం శూన్యంలోంచే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలను పుట్టించి చార్జిని వదిలించుకుంటుందని గ్యారీ గిబ్బన్స్ 1975లో చూపించాడు.

మరి ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? విశ్వంలోని కృష్ణబిలాలు గిరగిరా తిరుగుతుంటాయి. తిరిగే కృష్ణబిలం లోపలి నిర్మాణం, చార్జి ఉన్న కృష్ణబిలం లోపలి నిర్మాణం ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంటాయి. మొదటిదాని గణితం మహా కష్టం. రెండోది గుండ్రంగా, అన్ని దిశల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కాగితం మీద లెక్క నడుస్తుంది. నా దృష్టిలో దీనికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఐన్‌స్టైన్ సమీకరణాలు తమ భవిష్యత్తును తామే చెప్పగలవా లేదా అన్న పరీక్షను అతి కఠినంగా పెట్టింది చార్జీ పదార్థమే.

కథ 1915 నవంబరులో మొదలవుతుంది. ఐన్‌స్టైన్ తన సమీకరణాలకు తుది రూపం ఇచ్చిన కొద్ది వారాలకే కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ వాటికి మొదటి కచ్చితమైన పరిష్కారం కనిపెట్టాడు. అప్పుడాయన జర్మన్ సైన్యంలో యుద్ధరంగంలో ఉన్నాడు. 1916 మేలో జబ్బుతో చనిపోయాడు. ఆ ఏడాదే హాన్స్ రైస్నర్ ఆ పరిష్కారానికి చార్జిని జోడించాడు. రైస్నర్ వృత్తిరీత్యా విమాన నిర్మాణ ఇంజినీరు. 1917లో హెర్మాన్ వైల్, 1918లో ఫిన్లాండ్‌కు చెందిన గున్నార్ నోర్డ్‌స్ట్రోమ్ వేరే దారుల్లో అక్కడికే చేరారు. ఐన్‌స్టైన్ సిద్ధాంతం పూర్తి కాకముందు దానికి పోటీగా సొంత గురుత్వ సిద్ధాంతం ప్రతిపాదించినవాడు ఈ నోర్డ్‌స్ట్రోమే. చివరికి రైస్నర్, నోర్డ్‌స్ట్రోమ్ పేర్లే ఆ పరిష్కారానికి నిలిచాయి.

ఆ ఫార్ములాలో ఒక వింత ఉంది. చార్జి, ద్రవ్యరాశి రెండింటినీ ఒకే కొలమానంలోకి మార్చి పోల్చి చూడాలి. చార్జి తక్కువైతే కృష్ణబిలానికి బయట ఒకటి, లోపల ఒకటి, మొత్తం రెండు హొరైజన్లు, అంటే దాటితే వెనక్కి రాలేని సరిహద్దులు, వస్తాయి. చార్జి పెరిగేకొద్దీ ఆ రెండూ దగ్గరవుతాయి. సరిగ్గా సమానమైతే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దాన్నే ఎక్స్‌ట్రీమల్ అంటారు. చార్జి ఇంకా పెరిగితే హొరైజన్ అనేదే ఉండదు. మధ్యలోని సింగ్యులారిటీకి ముసుగు పోయి, అది బయటి ప్రపంచానికి నగ్నంగా కనబడుతుంది. 1918లో ఈ మాటలకు అర్థం ఎవరికీ తెలియదు. హొరైజన్ అనే భావన స్పష్టపడటానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

పతనం గురించిన లెక్క ముందుగా చార్జి లేని పదార్థానికే జరిగింది. రాబర్ట్ ఓపెన్‌హైమర్, హార్ట్‌లాండ్ స్నైడర్ రాసిన పేపర్ 1939 సెప్టెంబర్ 1న అచ్చయింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది కూడా ఆ రోజే. పీడనం ఏమాత్రం లేని ధూళి గోళం కూలుతూ పోయి చివరికి బయటి ప్రపంచంతో సంబంధం తెంచుకుంటుందని అందులో చూపించారు. అలాంటి ధూళి గోళాలకు ఐన్‌స్టైన్ సమీకరణాల పరిష్కారాన్ని కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి చెందిన బి. దత్ 1938లోనే ఒక జర్మన్ పత్రికలో ప్రచురించాడు. ఈ ముగ్గురి పేర్లూ కలిపి చెప్పేవాళ్లు ఇప్పటికీ తక్కువే. కలిపి చెప్పడమే న్యాయం.

చార్జీ పదార్థం విషయంలో మొదటి గట్టి అడుగు కూడా కలకత్తాలోనే పడింది. 1947లో సుధాంశు దత్త మజుందార్ ఒక ప్రశ్న వేసుకున్నాడు. ప్రతి రేణువులోనూ చార్జి, ద్రవ్యరాశి సరిగ్గా సమానంగా ఉంటే ఏమవుతుంది? న్యూటన్ లెక్కలో జవాబు సులువు. ఆకర్షణ, వికర్షణ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రేణువులు ఎక్కడివక్కడ ఉండిపోతాయి. ఐన్‌స్టైన్ సిద్ధాంతం న్యూటన్ లెక్క కంటే ఎంతో చిక్కైనది. అందులో క్షేత్రానికి కూడా బరువు ఉంటుంది, కాబట్టి ఈ సమతుల్యం చెదిరిపోవాలి అనిపిస్తుంది. చెదరదని మజుందార్ నిరూపించాడు. ఆ రేణువులను ఏ ఆకారంలో పేర్చినా, గుండ్రంగా లేకపోయినా, అవి కదలకుండా నిలబడతాయి. అదే ఏడాది డబ్లిన్‌లో పనిచేస్తున్న పాపాపెట్రూ కూడా ఇదే ఫలితం సాధించాడు. ఆ పరిష్కారం నిజానికి చాలా ఎక్స్‌ట్రీమల్ కృష్ణబిలాలు పక్కపక్కనే కదలకుండా ఉన్న దృశ్యమని 1972లో జేమ్స్ హార్టిల్, స్టీఫెన్ హాకింగ్ వివరించారు. వికర్షణ గురుత్వాన్ని నిలవరించగలదు అనడానికి ఇది తిరుగులేని ఉదాహరణ. షరతు ఒక్కటే, ఆ సమానత్వం వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.

తప్పితే ఏమవుతుంది? ఇక్కడే అసలు మెలిక ఉంది. సాపేక్ష సిద్ధాంతంలో శక్తి ఏ రూపంలో ఉన్నా అది గురుత్వాన్ని పుట్టిస్తుంది. విద్యుత్ క్షేత్రంలో దాగిన శక్తి, పదార్థాన్ని నిలబెట్టే పీడనం, రెండూ ఈ లెక్కలోకి వస్తాయి. ఇల్లు కూలకుండా దూలం పోటు పెడితే ఆ దూలం బరువే ఇంటిని ఇంకాస్త కుంగదీసినట్టు, పతనాన్ని ఆపడానికి తెచ్చిన సాధనమే పతనానికి తోడవుతుంది. 1971లో జేకబ్ బెకెన్‌స్టైన్ చార్జి ఉన్న ద్రవ గోళాల సమతుల్యానికి, పతనానికి సమీకరణాలు రాసి ఈ విషయాన్ని పద్ధతిగా పరిశీలించాడు.

మళ్లీ కలకత్తాకే వెళ్దాం. 1950ల్లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి అనే యువకుడు ఉండేవాడు. అక్కడ ఆయనకు అప్పగించిన పని లోహాల మీద. మనసు మాత్రం ఐన్‌స్టైన్ సమీకరణాల మీద. సింగ్యులారిటీ అనేది మనం అన్నీ గుండ్రంగా ఉన్నాయని ఊహించుకోవడం వల్ల వచ్చిన కృత్రిమ ఫలితమా, లేక నిజంగానే తప్పనిదా అని ఆయన అడిగాడు. 1955లో వచ్చిన ఆయన సమీకరణం చెప్పేదేమిటంటే, స్వేచ్ఛగా పడుతున్న రేణువుల గుంపును గురుత్వం ఎప్పుడూ దగ్గరికే లాగుతుంది. భ్రమణం ఒక్కటే దాన్ని ఎదిరించగలదు. చార్జి ఉన్న రేణువులైతే అవి స్వేచ్ఛగా పడటం లేదు. విద్యుత్ బలం వాటిని పక్కకు తోస్తోంది కాబట్టి సమీకరణంలో ఇంకో పదం చేరుతుంది, ఆ పదం గురుత్వానికి ఎదురు నిలవవచ్చు. ఈ చిక్కు ఆయన్ను వదల్లేదు. 1968లో యు.కె. డేతో కలిసి, కదలకుండా నిలిచే చార్జీ ధూళి మీద ఆయన రాసిన పేపర్ మజుందార్ దారికి కొనసాగింపే.

1965లో రోజర్ పెన్‌రోజ్ మూడు పేజీల పేపర్‌తో చర్చను పూర్తిగా మలుపు తిప్పాడు. కూలే పదార్థం గుండ్రంగా ఉందా లేదా అన్నది ఆయనకు అనవసరం. ఒక దశ దాటాక, బయటికి వెళ్లాల్సిన కాంతి కూడా లోపలికే ముడుచుకుపోయే ఉపరితలం ఒకటి ఏర్పడితే చాలు. ఆ తర్వాత సింగ్యులారిటీ తప్పదు. ఈ రుజువుకు ఆధారం రాయ్‌చౌధురి సమీకరణమే. 2020లో పెన్‌రోజ్‌కు నోబెల్ వచ్చింది ఈ పనికే. అయితే ఆ సిద్ధాంతాన్ని జాగ్రత్తగా చదవాలి. సాంద్రత అనంతం అవుతుందని అది చెప్పలేదు. ఏదో ఒక కాంతి కిరణం ప్రయాణం పరిమిత దూరంలోనే అర్ధాంతరంగా ఆగిపోతుందని చెప్పింది. అదీ మొదటి స్థితి తెలిస్తే తర్వాతి స్థితి మొత్తం నిర్ణయమైపోతుంది అన్న షరతు మీద. చార్జీ పదార్థం దూరింది సరిగ్గా ఈ షరతు సందులోంచే.

రైస్నర్-నోర్డ్‌స్ట్రోమ్ కృష్ణబిలం లోపలి హొరైజన్ దాటాక గురుత్వం తీరు తిరగబడుతుంది. మధ్యలో సింగ్యులారిటీ ఉంటుంది కానీ దాన్ని ఢీకొట్టి తీరాలన్న నిర్బంధం లేదు. చార్జి లేని కృష్ణబిలంలో సింగ్యులారిటీ రేపటి రోజు లాంటిది, ఎటు తిరిగినా తప్పదు. ఇక్కడ మాత్రం అది ఒక చోటు, పక్కనుంచి తప్పుకుని పోవచ్చు. 1960లో జాన్ గ్రేవ్స్, డీటర్ బ్రిల్ ఈ లోపలి నిర్మాణం ఊపిరి పీల్చి వదిలినట్టు సంకోచించి వ్యాకోచిస్తుందని చూపారు. 1966లో ఇగోర్ నోవికోవ్, 1967లో డి లా క్రూజ్, వెర్నర్ ఇజ్రాయెల్ ఇంకో అడుగు వేశారు. చార్జి ఉన్న గోళం గానీ పలుచటి గుల్ల గానీ కూలుతూ రెండు హొరైజన్లూ దాటి, సింగ్యులారిటీని తాకకుండానే వెనక్కి ఎగసి రాగలదు. అంటే వికర్షణ నిజంగానే కాపాడింది! తీరా అది పైకి వచ్చేది మన విశ్వంలోకి కాదు. మన హొరైజన్ నుంచి ఏదీ వెనక్కి రాలేదు కాబట్టి, సమీకరణాల ప్రకారం అది ఇంకో విశ్వంలోకి తేలాలి.

ఇది కథలా ఆకట్టుకుంటుంది, శాస్త్రానికి మాత్రం పెద్ద ఇబ్బంది. లోపలి హొరైజన్‌కు ఇంకో పేరు కోషీ హొరైజన్. దాన్ని దాటాక ఏం జరుగుతుందో బయటి స్థితిని ఎంత కచ్చితంగా కొలిచి ఇచ్చినా సమీకరణాలు చెప్పలేవు. సింగ్యులారిటీ నుంచి ఏదైనా రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ప్రశ్న ఇప్పుడు మారిపోయింది. పదార్థం నలిగిపోతుందా అన్నది పక్కకు పోయి, సిద్ధాంతం జోస్యం చెప్పగల శక్తిని కోల్పోతుందా అన్నది ముందుకొచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే.

దీనికి మందు కూడా పెన్‌రోజే 1968లో సూచించాడు. కోషీ హొరైజన్ దగ్గరికి చేరేవాడికి బయటి విశ్వం భవిష్యత్తంతా కొద్ది క్షణాల్లో గిర్రున కళ్ల ముందు తిరిగిపోతుంది. అనంత కాలం పాటు వచ్చే కాంతి అంత కొద్ది సమయంలోకి ముడుచుకుంటే దాని పౌనఃపున్యం, శక్తి హద్దు లేకుండా పెరుగుతాయి. ఒక చిన్న అలజడి చాలు, ఆ హొరైజన్ ధ్వంసం కావాలి. 1973లో సింప్సన్‌తో కలిసి చేసిన కంప్యూటర్ లెక్క దీన్ని సమర్థించింది. 1990లో ఎరిక్ పాయసన్, వెర్నర్ ఇజ్రాయెల్ ఆ ధ్వంసం ఎలా జరుగుతుందో చూపించారు. లోపలికి పడే కాంతి, ఎదురుగా వచ్చే కాంతి కలిసినచోట లోపలి ద్రవ్యరాశి అంతూపొంతూ లేకుండా ఉబ్బిపోతుంది. బయటివాడికి దాని జాడే తెలియదు.

సమస్య తీరిపోయిందని అందరూ అనుకుంటుండగా 1991లో అమోస్ ఓరీ ఇంకో సంగతి చెప్పాడు. ఆ సింగ్యులారిటీ చాలా బలహీనమైనది. అక్కడ చీల్చే బలాలు అనంతమవుతాయి, కానీ వస్తువు నిజంగా సాగేది పరిమితంగానే. మిహాలిస్ డాఫెర్మోస్ 2003లో దీన్ని గణితపరంగా పట్టుకున్నాడు. స్థలకాలం కోషీ హొరైజన్ దాకా చిరగకుండా సాగుతుంది, దాని వక్రత మాత్రం అదుపు తప్పుతుంది. జొనాథన్ లుక్, సంగ్-జిన్ ఓ 2019లో గుండ్రటి సౌష్ఠవం ఉన్న సందర్భానికి పూర్తి రుజువు ఇచ్చారు. అయితే 2018లో విటోర్ కార్డోసో బృందం, విస్తరిస్తున్న విశ్వంలో ఎక్స్‌ట్రీమల్‌కు దగ్గరగా ఉన్న చార్జీ కృష్ణబిలాన్ని పరిశీలించి కొత్త టెన్షన్ తెచ్చిపెట్టింది. అక్కడ అలజడులు చాలా త్వరగా చల్లారిపోతాయి. కోషీ హొరైజన్‌ను నాశనం చేసేంత సత్తా వాటికి మిగలకపోవచ్చు. తిరిగే కృష్ణబిలాలకు ఈ ఇబ్బంది లేదని అదే ఏడాది ఇంకో బృందం లెక్కగట్టింది. చార్జిని భ్రమణానికి బదులుగా వాడుకోవచ్చన్న పాత నమ్మకానికి కూడా హద్దు ఉందని దీంతో తెలిసింది.

ఇంకో పాయ బయటి హొరైజన్ గురించి. 1969లో పెన్‌రోజ్, పతనం వల్ల పుట్టే సింగ్యులారిటీలు ఎప్పుడూ హొరైజన్ చాటునే ఉంటాయా అని అడిగాడు. అదే కాస్మిక్ సెన్సార్‌షిప్. చార్జి ద్రవ్యరాశిని మించితే హొరైజన్ ఉండదు కాబట్టి, దీన్ని ఓడించడానికి చార్జి సహజమైన ఆయుధం. 1973లో డేవిడ్ బౌల్వేర్ చార్జి ఉన్న గుల్లను కూల్చి చూశాడు. నగ్న సింగ్యులారిటీ ఏర్పడాలంటే ఆ గుల్లలోని పదార్థం సాంద్రత రుణాత్మకం కావాలని తేలింది. అలాంటి పదార్థం మనకు తెలియదు.

1974లో రాబర్ట్ వాల్డ్ చేసిన ఆలోచనా ప్రయోగం చిన్నదే కానీ ఎంతో అందమైనది. చార్జి, ద్రవ్యరాశి సమానంగా ఉన్న ఎక్స్‌ట్రీమల్ కృష్ణబిలాన్ని తీసుకోండి. అందులోకి ద్రవ్యరాశి తక్కువగా, చార్జి ఎక్కువగా ఉన్న రేణువును విసరండి. లోపలికి పోతే లెక్క తప్పి హొరైజన్ మాయమవ్వాలి. కానీ కృష్ణబిలం ఆ రేణువును నెట్టేస్తుంది. ఆ నెట్టుడును దాటి హొరైజన్ చేరాలంటే రేణువుకు తగినంత శక్తి ఇవ్వాలి. లెక్క వేస్తే, కావలసిన కనీస శక్తి సరిగ్గా దాని చార్జికి సమానం. ఆ శక్తి కూడా ద్రవ్యరాశిలోనే కలుస్తుంది కాబట్టి చార్జి ఎప్పటికీ గెలవలేదు. ఎక్స్‌ట్రీమల్ కంటే కాస్త తక్కువ దగ్గర మొదలుపెట్టి ఒక్క దెబ్బలో గీత దాటించవచ్చేమో అని 1999లో వెరోనికా హుబెనీ అడిగింది. తొలి లెక్కలో అది సాధ్యమనే వచ్చింది. 2017లో జొనాథన్ సోర్స్, వాల్డ్ కలిసి రేణువు సొంత క్షేత్రం ప్రభావాన్ని కూడా చేర్చి చూసేసరికి ఆ దారి మూసుకుపోయింది.

గీత దాటడం కుదరదు సరే, గీత మీదికి చేరడం కుదురుతుందా? ఎక్స్‌ట్రీమల్ కృష్ణబిలం ఉష్ణోగ్రత సున్నా. దేన్నీ పరిమిత దశల్లో సున్నాకు చల్లార్చలేమన్న ఉష్ణగతిక శాస్త్రపు మూడో నియమాన్ని పోలిన నియమాన్ని 1973లో బార్డీన్, కార్టర్, హాకింగ్ కృష్ణబిలాలకూ ప్రతిపాదించారు. 1986లో వెర్నర్ ఇజ్రాయెల్ దానికి రుజువు ఇచ్చాడు. 2022లో క్రిస్టోఫ్ కెహ్లే, రయన్ ఉంగర్ ఆ నియమమే తప్పని నిరూపించారు. వాళ్లు చార్జి ఉన్న క్షేత్రాన్ని అలలుగా మలిచి లోపలికి పంపారు. ముందు చార్జి లేని మామూలు కృష్ణబిలం హొరైజన్ ఏర్పడుతుంది, తర్వాత దానికి చార్జి ఎక్కుతూ పోయి పరిమిత సమయంలోనే కచ్చితంగా ఎక్స్‌ట్రీమల్ అవుతుంది. హొరైజన్ మెల్లమెల్లగా, తెగకుండా పెరుగుతుందని ఇజ్రాయెల్ రుజువు అనుకుంది. నిజానికి అది ఒక చోటు నుంచి ఇంకో చోటుకు గెంతగలదు.

2024లో వాళ్లిద్దరే చార్జి ఉన్న రేణువుల పుంజాలను లోపలికి పంపి కూలిస్తే ఏమవుతుందో చూశారు. వికర్షణ ఎక్కువైనచోట పుంజం లోపలికి వచ్చినట్టే వచ్చి, మధ్యకు చేరకముందే వెనక్కి మళ్లి అనంత దూరానికి చెదిరిపోతుంది. సింగ్యులారిటీ లేదు, హొరైజన్ లేదు. తక్కువైనచోట మామూలు చార్జీ కృష్ణబిలం పుడుతుంది. ఈ రెంటి మధ్య సరిహద్దు మీద నిలిచేది నగ్న సింగ్యులారిటీ కాదు, ఎక్స్‌ట్రీమల్ కృష్ణబిలం. చార్జి లేకుండా కేవలం భ్రమణంతో, పదార్థమే లేని శూన్యంలో గురుత్వ తరంగాల పతనానికి కూడా ఇలాంటి సరిహద్దే ఉంటుందని వాళ్ల అంచనా. గుండ్రటి సౌష్ఠవం ఊతం లేని ఆ లెక్కకు ఇంకా రుజువు రాలేదు.